హిమాయత్‌నగర్‌లో 1989 నాటి అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు: అడ్వాన్సు ఇచ్చే ముందు ఏమేం చూసుకోవాలి?

వైరా నుంచి (మే నెలాఖరు)

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లా వైరా. మా అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతుంది. ఇన్నాళ్ళూ ఖమ్మం తిప్పాం. ఇకమీదట హైదరాబాద్‌లో చేయించుకుంటే మంచిదన్నారు. నాకు కూడా నారాయణగూడలో ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది. జులై 1కల్లా ఇల్లు మారాలి.

హిమాయత్‌నగర్‌లో ఒక ఇల్లు చూశాం. డబుల్ బెడ్‌రూమ్, మూడో అంతస్తు. మొత్తం పదహారు ఫ్లాట్లు. గేటు పక్కన రాయి మీద 1989 అని చెక్కి ఉంది. అద్దె 18 వేలు, మెయింటెనెన్స్ 2 వేలు, రెండు నెలల అడ్వాన్సు. ఇదే సైజుకి కొత్త బిల్డింగుల్లో 27 వేలకి తక్కువ చెప్పట్లేదు. గదులు పెద్దవి, కింద మొజాయిక్. హాలు కిటికీ తెరిస్తే వేపకొమ్మ చేతికి అందుతుంది. అమ్మ ఆ కిటికీ దగ్గర కూర్చుని "ఇక్కడే ఉందామే" అంది.

నా భయమేంటంటే, లోపలంతా కొత్త రంగు వాసన. లిఫ్టేమో చేత్తో లాగే గ్రిల్ తలుపులది. బ్రోకరు "రేపు ఇంకో పార్టీ వస్తోంది, టోకెన్ ఇచ్చేయండి మేడమ్" అని ఒకటే తొందర. రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులు నమోదయ్యే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో ఆ బిల్డింగ్ పేరు కొడితే ఏమీ రాలేదు. మా ఊళ్ళో ఇల్లు అద్దెకి తీసుకోవాలంటే పక్కింటివాళ్ళని అడిగితే చాలు, ఆ ఇంటి పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్తారు. ఇక్కడ ఎవర్ని అడగాలి, ఏం అడగాలి? పాత అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

కరెంటాఫీసు రిటైర్డ్

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను. నాకు తెలిసిందే చెప్తాను.

పాత అపార్ట్‌మెంట్లలో మీటర్లన్నీ మెట్ల కింద ఒకే చెక్క బోర్డు మీద ఉంటాయి. ఏ మీటరు ఏ ఫ్లాట్‌దో రాసిన నంబర్లు చెరిగిపోయి ఉంటాయి. మీ తమ్ముణ్ణో ఎవర్నో కింద మీటరు దగ్గర నిలబెట్టి, మీరు పైన ఫ్యాన్లు, గీజరు వేయండి. మీటరు మీద చిన్న ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటుంది. ఇప్పుడు ఫ్లాట్‌లో మెయిన్ ఆపేయండి. ఆ లైటు ఆగిపోవాలి. ఆగలేదంటే ఇంకెవరి వైరో మీ మీటరు మీద ఉందన్నమాట, లేదా అది మీ మీటరే కాదు. ఒక ఇంట్లో నాలుగేళ్ళు పక్కింటి ఫ్రిజ్ బిల్లు కట్టినవాళ్ళని చూశాను.

పాత బిల్లు ఒకటి అడిగి తీసుకోండి. దాని మీద యూఎస్‌సీ నంబరు (ఆ కనెక్షన్ నంబరు) ఉంటుంది. కరెంటు సంస్థ టీజీఎస్పీడీసీఎల్ సైట్‌లో అది కొడితే ఎవరి పేరున ఉందో, పాత బాకీ ఎంతుందో తెలుస్తుంది. బిల్లు మీద లోడు ఎంత రాసుందో కూడా చూడండి. ఒక కిలోవాట్ అని ఉంటే, గీజరు ఒక్కటే రెండు కిలోవాట్లు లాగుతుంది.

ఇంకోటి. ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్ళి, మెయిన్ ఆపించి, ఒక స్విచ్ బోర్డు విప్పించండి. ఆ రోజుల్లో చాలా ఇళ్ళకి అల్యూమినియం వైరు వేశారు. ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెత్తగా ఉంటే అల్యూమినియం. అల్యూమినియం జాయింట్లు కాలం గడిచేకొద్దీ వదులై వేడెక్కుతాయి. అది ఉంటే ఏసీకీ, గీజరుకీ విడిగా రాగి లైను వేయించమని ఓనరుని అడగండి. మూడు రంధ్రాల ప్లగ్గుల్లో పైన పెద్ద రంధ్రం ఎర్తింగ్‌ది. దాని వెనక అసలు వైరు ఉందో లేదో కూడా అప్పుడే చూపించమనండి. నేను చూసిన పాత ఇళ్ళలో ఆ రంధ్రం చాలాసార్లు ఖాళీ.

బర్కత్‌పురా ట్రెజరర్

అమ్మా, రెరాలో దొరకదు. ఆ చట్టం మన దగ్గర 2017 నుంచి వచ్చే ప్రాజెక్టులకి. 1989 బిల్డింగ్ చరిత్ర ఆ బిల్డింగ్‌లోనే వెతుక్కోవాలి.

నేను బర్కత్‌పురాలో 1991లో కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. ఇరవై ఫ్లాట్లు. తొమ్మిదేళ్ళుగా అసోసియేషన్ లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంది. మీరు రాసినవన్నీ ఇంటి సంగతులే: గదులు, మొజాయిక్, కిటికీ. ఇల్లు ఓనరుది. నీళ్ళు, లిఫ్టు, డ్రైనేజీ, పైకప్పు మాత్రం పదహారు మందివీ. పదహారు మందివి అంటే వాటిని నెత్తిన వేసుకునేవాళ్ళు ఒకరైనా ఉండాలి. ఉన్నారో లేదో రంగులేసిన గోడలు చెప్పవు. అసోసియేషన్ పుస్తకం చెప్తుంది. అందుకని ట్రెజరర్ ఎవరో కనుక్కుని వెళ్ళి కలవండి. గడిచిన ఏడాది పుస్తకం ఒక్క పావుగంట చూడనివ్వమని అడగండి.

ముందు ఏప్రిల్, మే పేజీలు తీయండి. ట్యాంకర్లు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. పోయినేడు ఆ రెండు నెలల్లో మాకు 38 ట్యాంకర్లు వచ్చాయి. ఆ ఖర్చంతా మెయింటెనెన్స్ మీద పడుతుంది, అంటే మీకు చెప్పిన 2 వేలు ఎండాకాలంలో 2 వేలుగా ఉండదు. జలమండలి బిల్లు కూడా చూడండి. 2020 డిసెంబర్ నుంచి నెలకి ఫ్లాట్‌కి 20 వేల లీటర్ల దాకా నీళ్ళు ఉచితం. కానీ మీటరు ఉండాలి, క్యాన్ నంబరుకి (నీళ్ళ కనెక్షన్ నంబరు) ఆధార్ జోడించి ఉండాలి. మా దగ్గర నలుగురు ఓనర్లు అమెరికాలో ఉన్నారని ఆ పని ఏడాది ఆలస్యమైంది. ఆ ఏడాదంతా బిల్లు అద్దెకున్నవాళ్ళు కూడా కట్టారు.

తర్వాత లిఫ్టు. మీకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. వారానికి మూడుసార్లు డయాలసిస్ నుంచి నీరసంగా వచ్చే మనిషికి మూడో అంతస్తు. పుస్తకంలో లిఫ్టు రిపేర్లు ఏడాదికి ఎన్నిసార్లు రాశారో చూడండి. సర్వీసు కాంట్రాక్టు డబ్బు ఆగకుండా కడుతున్నారా లేదా చూడండి. బాకీలు పెరిగితే అసోసియేషన్లు మొదట ఆపేది ఆ కాంట్రాక్టే. కరెంటు పోతే లిఫ్టు దగ్గరి అంతస్తుకి వచ్చి ఆగుతుందా, మధ్యలో ఇరుక్కుంటుందా అడగండి. గ్రిల్ తలుపుల లిఫ్టుల్లో చాలావాటికి ఆ ఏర్పాటు ఉండదు. ఇరుక్కుంటే తీసే తాళం ఎవరి దగ్గర ఉంటుంది, రాత్రి ఆ మనిషి బిల్డింగ్‌లోనే ఉంటాడా? ఆ లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు. కాబట్టి మెట్లు చూడండి. అవసరమైతే అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి దింపాలి. మలుపు దగ్గర కుర్చీ తిరిగే చోటుందా? మా పైఅంతస్తు పెద్దాయనకి గుండెనొప్పి వచ్చిన రాత్రి ఆ మలుపులో పూలకుండీలు, పాత సైకిలు అడ్డమై ఎంత తిప్పలు పడ్డామో నాకు ఇంకా గుర్తుంది. తెల్లారాక మెట్ల మీది సామాను అంతా తీయించాను.

సంపు కడిగించిన ఖర్చు వెతకండి. ఏడాదికి రెండుసార్లు ఉండాలి. ఒక్కసారి కూడా లేకపోతే ఆ బిల్డింగ్ నాకైతే వద్దు. పైకి కూడా ఎక్కి ట్యాంకు మూత చూడండి. నేను ట్రెజరర్ అయిన మొదటి ఏడాది గాలివానకి మా ట్యాంకు మూత ఎగిరిపోయింది. వారం దాకా ఎవరూ పైకి వెళ్ళలేదు. లోపల పావురం పడి చచ్చిపోయింది. నాలుగో అంతస్తులో ఒక పసిపిల్లకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాక గానీ మాకు అనుమానం రాలేదు. పాప కోలుకుంది, కానీ వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఆ తల్లి తాళాలు నా చేతిలో పెట్టి ఏమీ అనకుండా వెళ్ళింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున నేనే పైకెక్కి మూత చూసి వస్తాను.

ఇక గోడలు. కొత్త రంగు ఒక్క వానాకాలం దాకా దాస్తుంది, అంతే. బాత్‌రూమ్‌లో తల ఎత్తి చూడండి. పీవీసీ షీట్లు కొత్తగా కొట్టి ఉంటే, ఎందుకు కొట్టారో అడగండి. ఆ కాలం బిల్డింగుల్లో బాత్‌రూమ్ స్లాబు కిందికి దింపి, ఆ గుంతలో ఇటుక ముక్కలు నింపి, వాటి మధ్య పైపులు వేసి టైల్స్ పరిచేవారు. పైపు జాయింటు ఒకటి వదిలితే ఆ గుంత నీళ్ళ తొట్టి అయిపోతుంది. పైవాళ్ళ తొట్టి మీ నెత్తి మీద ఉంటుంది. ఆ నీరు లోపలి ఇనుముకి తగిలి తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కదా, కాంక్రీటుని బయటికి నెట్టి పెచ్చులు ఊడదీస్తుంది. రూపాయి బిళ్ళతో బీముల అడుగున, బాత్‌రూమ్ బయటి గోడ మీద కొట్టుకుంటూ వెళ్ళండి. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, డొల్లగా ఉన్నచోట బోలుగా పలుకుతుంది. ఆ తేడా చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. మృగశిర కార్తె దగ్గరకొచ్చింది, మొదటి రెండు వానలు పడ్డాక మళ్ళీ వెళ్ళి అదే గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి. బ్రోకరు తొందరపడితే పడనివ్వండి.

బోరు నీళ్ళకి, బాత్‌రూమ్ కుళాయి మూతి చూస్తే చాలు. తెల్లటి పెచ్చు ఎంత మందాన ఉంటే నీళ్ళు అంత చౌడు. టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచేది) ఆన్‌లైన్‌లో చవకే. తాగే నీటికి 500 దాకా మంచిదని, వేరే దారి లేకపోతేనే 2,000 దాకా అని మన ప్రమాణాల్లో ఉంది. మంజీరా నీళ్ళు (జలమండలి వదిలే నీళ్ళు) ఏ రోజు, ఏ టైముకి వదులుతారో వాచ్‌మన్‌ని అడిగి, ఆ టైముకి వెళ్ళి మీ కళ్ళతో చూడండి.

వాచ్‌మన్ భార్య ఉంటే ఆమెతో మాట్లాడండి. మీకంటే ముందు ఆ ఫ్లాట్‌లో ఎవరున్నారు, ఎన్నాళ్ళున్నారు, ఎందుకు వెళ్ళారు అని అడగండి. ఆమెకి తెలిసినంత ఓనరుకి కూడా తెలియదు.

చిక్కడపల్లి టెనెంట్

మేడమ్ చాలా బాగా చెప్పారు, కానీ అద్దెకొచ్చేవాళ్ళకి పుస్తకం ఎవరు చూపిస్తారండీ? నేను రెండుచోట్ల అడిగాను. "మీరు ఓనరా?" అని తిప్పి పంపారు.

వైరా మేడమ్‌కి నేను చెప్పేది ఇంకోటి. అసలు ఓనరు ఎవరో, ఆ ఇంటి మీద అప్పుందో లేదో చూసుకోండి. నాకు ఏమైందంటే, చేరిన ఏడో నెలలో తలుపు మీద బ్యాంకు నోటీసు అతికించి ఉంది. ఓనరు లోను కట్టలేదట. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకుంటుందని అందులో ఉంది. పిల్లల పరీక్షల మధ్యలో ఇల్లు వెతుక్కున్నాం. అడ్వాన్సు 40 వేలు ఈ రోజుకీ రాలేదు.

రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో 1983 నుంచి ఈసీ (ఆ ఇంటి అమ్మకాలు, తనఖాల జాబితా) చూసుకోవచ్చు. ఓనరుని డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం అడగండి. కొన్నది ఎవరు, తనఖా ఎంట్రీ ఉందా, ఉంటే దాన్ని విడిపించిన ఎంట్రీ ఉందా చూడండి. తనఖా ఉన్నంత మాత్రాన ఇల్లు వద్దనుకోనక్కర్లేదు, లోను మీద కొన్నవాళ్ళు బోలెడుమంది. వాయిదాలు కడుతున్నారా అని సూటిగా అడగండి. ఇంటి పన్ను పీటీఐఎన్ నంబరు తీసుకుని జీహెచ్‌ఎంసీ సైట్‌లో కొట్టినా పేరు, బకాయి కనిపిస్తాయి. ఈసీ, కరెంటు, ఇంటి పన్ను, మూడు చోట్లా ఒకే పేరు రావాలి. మీతో మాట్లాడుతున్న మనిషి ఆ పేరు మనిషో, వాళ్ళ తరఫున కాగితం ఉన్న మనిషో అయి ఉండాలి.

బర్కత్‌పురా ట్రెజరర్

బాబూ, మీ అడ్వాన్సు సంగతి చదివి బాధేసింది. పుస్తకం విషయంలో మీరన్నది నిజమే, చాలామంది చూపించరు. అందుకే ఓనరుని వెంటబెట్టుకుని వెళ్ళమనండి, ఓనరు అడిగితే కాదనలేరు. ఓనరు కూడా రానంటే లిఫ్టు పక్కన నోటీసు బోర్డు అయినా చదవండి. బాకీలవాళ్ళ జాబితా అక్కడ పెడతారు. పదహారింట్లో ఐదారు నంబర్లు నెలల తరబడి అక్కడే ఉంటే సంగతి అర్థమైపోతుంది. మీటింగుల మినిట్స్ పుస్తకం దొరికితే అది ఇంకా మంచిది. ఈ ఏరియాలో పాత అపార్ట్‌మెంట్లని బిల్డరుకిచ్చి కూలగొట్టి మళ్ళీ కట్టించుకునే మాటలు చాలాచోట్ల నడుస్తున్నాయి. అవి ముందు అక్కడే రాస్తారు.

అశోక్‌నగర్ పాత కాపు

ఆ బిల్డింగ్ ఏ వీధిలో ఉందో చూసుకోండమ్మా. హుస్సేన్‌సాగర్ నాలా కిందుగా ఉన్న వీధులకి వాన గండం ఉంది. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. మా వీధిలో మనుషుల్ని పడవల్లో తీశారు. మళ్ళీ 2020 అక్టోబర్ 13న. మూడో అంతస్తు మాకేంటి అనుకుంటారు. మేమూ రెండో అంతస్తులోనే ఉన్నాం. ఇంట్లోకి చుక్క రాలేదు. కానీ కింద సంపులోకి డ్రైనేజీ నీళ్ళు కలిశాయి, మెట్ల కింద మీటర్ల బోర్డు మునిగింది, లిఫ్టు గుంత నిండింది. నాలుగు రోజులు కరెంటు లేదు, నీళ్ళు లేవు. డయాలసిస్‌కి వెళ్ళాల్సిన మనిషి ఉన్న ఇంటికి అది మామూలు కష్టం కాదు. మీటర్ల బోర్డు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చూడండి. సందు చివర పాత కిరాణా కొట్టతన్ని "2020లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి" అని అడగండి. చేత్తో గోడ మీద చూపిస్తారు.

వైరా నుంచి (జూన్ మూడో వారం)

మీ అందరికీ రెండు చేతులా నమస్కారం. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, చెప్పినవన్నీ చూసి వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. బ్రోకరు చెప్పిన ఇంకో పార్టీ ఇప్పటిదాకా రాలేదు.

ఓనరు మంచి మనిషి. ఈసీ ఆయనే తీసి ఇచ్చారు, తనఖా 2014లో విడిపించినట్టు ఉంది. కరెంటు, ఇంటి పన్ను ఆయన పేరునే ఉన్నాయి. కిరాణా కొట్టాయన 2020లో నీళ్ళు వాళ్ళ మొదటి మెట్టు దాకా వచ్చి తగ్గాయన్నాడు. మీటర్ల బోర్డు నా భుజం ఎత్తులో ఉంది.

అసోసియేషన్ ట్రెజరర్ దగ్గరికి ఓనరే తీసుకెళ్ళారు. ట్యాంకర్లు రెండు నెలలకి 22. సంపు జనవరిలో కడిగారు. లిఫ్టు మాత్రం ఏడాదిలో తొమ్మిది రిపేర్లు, అందులో రెండుసార్లు మూడేసి రోజులు ఆగిపోయింది. మినిట్స్‌లో మార్చి మీటింగ్ పేజీలో బిల్డరుకి ఇచ్చే చర్చ ఉంది. పదహారు మందిలో తొమ్మిది మంది సరేనన్నారు, ఇంకా ఏదీ తేలలేదు.

రెండు వానలు పడ్డాక మళ్ళీ వెళ్ళాం. బాత్‌రూమ్ పీవీసీ షీటు ఒకటి విప్పి చూపించమంటే ఓనరు ముందు మొహమాటపడ్డారు, తర్వాత ప్లంబర్‌ని పిలిపించారు. షీటు తీయగానే పెచ్చులు గుప్పెడు రాలాయి. పైన అరచేతి వెడల్పున తడి మరక, దాని మధ్యలో ఎర్రగా తుప్పుపట్టిన చువ్వ. చువ్వ మీద నీటిచుక్క వేలాడుతూ మా కళ్ళ ముందే కింద పడింది. ఓనరు కూడా అప్పుడే చూశారట. రంగులు వేసినాయన చెప్పకుండా షీటు కొట్టేశాడన్నారు.

ఆ ఇల్లు వద్దనుకున్నాం. కానీ వాచ్‌మన్ భార్య అదే బిల్డింగ్‌లో మొదటి అంతస్తు ఫ్లాట్ ఈ నెలలో ఖాళీ అవుతోందని చెప్పింది. అందులో ఉన్నవాళ్ళు పదకొండేళ్ళు ఉన్నారు, సొంతిల్లు కట్టుకుని వెళ్తున్నారు. బీములన్నీ రూపాయి బిళ్ళతో కొట్టి చూశాను, ఎక్కడా డొల్ల లేదు. వైరు రాగిది. మెయిన్ ఆపితే మీటరు లైటు ఆగింది. ఎర్తింగ్ లేని రెండు ప్లగ్గులకి వైరు లాగిస్తామన్నారు. అద్దె 19 వేలు.

అగ్రిమెంట్ 11 నెలలకే. ఇక్కడ చాలామంది అలాగే రాస్తారట. అందులో రెండు మాటలు అడిగి రాయించాను: పైనుంచి నీరు కారితే పదిహేను రోజుల్లో ఓనరు ఖర్చుతో బాగుచేయించాలి, బిల్డింగ్ కూలగొట్టాలని తేలితే మాకు మూడు నెలల ముందు చెప్పి అడ్వాన్సు మొత్తం తిరిగివ్వాలి. ఈ ఇంటి ఓనరు పెద్దావిడ, రెండోది చదివి "ఇది న్యాయమేనమ్మా" అని సంతకం పెట్టారు.

నిన్న సాయంత్రం తమ్ముడు, నేను అమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మొదటి అంతస్తు నుంచి కిందికి దింపి చూశాం. పదహారు మెట్లు. మలుపులో కుర్చీ గోడకి తగల్లేదు.